శరీరము మూలము, చిత్రము టీక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామ గ్రంథాలయము 25 సంవత్సరములు తలుపులు మూయకుండ నడచుట సామాన్య విషయము కాదు. పుస్తకములు కొనుట ఒక యెత్తు. వానిని చెదలనుండియు, వానచెమ్మనుండియు, తీసికొనిపోయి తిరిగి తేని పాఠకులనుండియు కాపాడుట మరియొక యెత్తు. ఈ రెండవ పనిని ఓర్పుతో చేసిన వారందరికిని నా నమస్కారములు.

వైద్యమునందు ఆగ్మెంటెడ్ రియాలిటీ యను నూతన సాధనముయొక్క ఉపయోగములను గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పేరు క్రొత్తది, విషయము కొంత సాంకేతికమైనది. అయినను గ్రంథాలయమునకు వచ్చువారికి దీనిని ఒక్క ఉపమానముతో తెలుపవచ్చునని నా నమ్మకము.

ఇచ్చటి బీరువాలలో టీకా తాత్పర్యములతో కూడిన కావ్యములు కలవు. కొన్ని ప్రతులలో టీక గ్రంథము చివర నుండును. అట్టి ప్రతిని చదువువాడు పద్యమునొద్ద ఒక వ్రేలును, టీకయొద్ద మరియొక వ్రేలును ఉంచి, ముందునకును వెనుకకును పుటలు త్రిప్పుచుండవలయును. ఈలోపల అన్వయము చేజారిపోవును. కఠినపదముపై చూపు నిలిపినంతనే దాని యర్థము ఆ పదముమీదనే కనబడినయెడల చదువరికి ఎంత సుకరము! రోగి శరీరమే మూలమనుకొనుడు. దానికి సంబంధించిన టీకను ఆ శరీరముమీదనే, తగిన చోటుననే వైద్యునికి చూపు ఉపాయమే ఆగ్మెంటెడ్ రియాలిటీ.

ఈ టీక వైద్యులకు ఎట్లు లభించినది? 1895 నవంబరులో జర్మనీ దేశమున రాంట్‌జన్ పండితుడు ఎక్స్-కిరణములను కనుగొనెను. కత్తి పెట్టకయే బ్రతికియున్న మనుష్యుని యెముకలను చూచుట అప్పటినుండి సాధ్యమైనది. 1971లో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. స్కానింగు యంత్రముతో లండనునందు ఒక రోగి మెదడును తొలిసారి పొరలు పొరలుగా చిత్రించిరి. అందులకు ఆయనకును, కార్మాక్ పండితునకును 1979లో నోబెల్ బహుమానము లభించినది. అల్ట్రాసౌండు, ఎం.ఆర్.ఐ. పరీక్షలు కూడ వాడుకలోనికి వచ్చినవి. నేడు పెద్ద ఆసుపత్రిలో శస్త్రవైద్యునకు చిత్రముల కొరత లేదు. చిక్కు మరియొకచోట నున్నది. రోగి బల్లమీద నుండును, చిత్రము గోడమీద నుండును. వైద్యుడు తలయెత్తి చిత్రమును చూచి, దానిని మనస్సున నిలుపుకొని, మరల గాయమువైపు తిరిగి, ఆ చిత్రములోని గీత ఈ శరీరములో ఎచ్చట నున్నదో ఊహించుకొనవలయును. ఇది చివరిపుటలలో టీక యున్న కావ్యమును చదువుటవంటిది. కాని ఇచ్చట అన్వయము తప్పినచో నష్టపడువాడు రోగి.

ఈ చిక్కును తీర్చు ప్రయత్నములు చాలకాలముగా జరుగుచున్నవి. తలకు ధరించి, ఎదుటి లోకముమీద కంప్యూటరు గీచిన గీతలను చూడదగిన పరికరమును 1968లో అమెరికాలో సదర్లాండ్ అను శాస్త్రజ్ఞుడు ప్రదర్శించెను. 1986లో రాబర్ట్స్ అను వైద్యుడును ఆయన సహచరులును సి.టి. చిత్రములోని రేఖలను శస్త్రచికిత్సకు వాడు సూక్ష్మదర్శినిలో చేర్చిచూపిరి. 1992లో నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయమువారు గర్భిణి యుదరముపై అల్ట్రాసౌండు చిత్రము అచ్చటనే యున్నట్లు కనబడునట్లు చేసిరి. ఆగ్మెంటెడ్ రియాలిటీ యను పేరుమాత్రము వైద్యశాలలో పుట్టలేదు. విమానములలో తీగెలు అమర్చు పనివారికి సాయముగా బోయింగు సంస్థలో ఆ కాలముననే ఇట్టి ఉపాయమును యోచించిన వారు దానికా పేరు పెట్టిరి.

వర్చువల్ రియాలిటీ యనునది వేరు. అందు కన్నులు పూర్తిగా కప్పబడి, చూచువాడు కల్పితలోకములో నుండును. ఇందు ఎదుటి లోకము యథాతథముగా కనబడుచుండును. దానికి కొంత జోడింపబడును.

ఇది పనిచేయు విధానమున మూడు మెట్లు కలవు. మొదట రోగికి స్కానింగు చేసి, అవయవముయొక్క నిడివి, వెడల్పు, లోతు తెలియు చిత్రమును తయారుచేయుదురు. రెండవది, ఆ చిత్రమును రోగి శరీరముతో సరిపోల్చి బిందువునకు బిందువు కూర్చుట. మూడవది, వైద్యుడు తల త్రిప్పినను, రోగి కదలినను, చిత్రము తన చోటును విడువకుండ కెమెరాలతో క్షణక్షణము కనిపెట్టుచుండుట. ఈ మూటిలో రెండవది ప్రాణమువంటిది. అక్కడ కొలది మిల్లీమీటర్లు తప్పినచో, ఒక పద్యపు టీకను ప్రక్క పద్యముక్రింద అచ్చువేసినట్లగును.

వెన్నెముక చికిత్సను ఉదాహరణముగా తీసికొందము. పూసలను కదలకుండ నిలుపుటకు వానిలో లోహపు మరమేకులను బిగింతురు. ప్రక్కనే వెన్నుపామును నరములును ఉండును. మేకు దారి తప్పినచో నరమునకు గాయమై కాలు బలహీనపడవచ్చును. 2020 జూనులో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ఇట్టి కళ్లద్దములను ధరించి, ఒక రోగి వెన్నెముకలో ఆరు మరమేకులను బిగించిరి. చర్మముచాటున నున్న పూసలయొక్క చిత్రము, మేకు పోవలసిన త్రోవ, వారికి రోగి వీపుమీదనే కనబడినవి. తల త్రిప్పి వేరొక తెరను చూడవలసిన పని తగ్గినది. లండనులోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్యులు కాలి గాయములను పూడ్చుటకు రక్తనాళముతోకూడ కండను తరలించునపుడు, ఆ నాళములు చర్మముక్రింద ఎచ్చట నున్నవో కళ్లద్దములతో గుర్తించిన వృత్తాంతమును 2018లో ప్రకటించిరి.

ఇవి పెద్ద ఆసుపత్రుల సంగతులు. పల్లెకు చేరువగా రాగల చిన్న పరికరము కూడ ఒకటి కలదు. చంటిబిడ్డకు సెలైను పెట్టవలసివచ్చినపుడు సిర దొరకక నర్సు పలుమార్లు సూది గ్రుచ్చుట, బిడ్డ గుక్కపట్టి యేడ్చుట, తల్లి మొగము త్రిప్పుకొనుట మనలో అనేకులు చూచియున్నారు. ఈ పరికరము కంటికి కనబడని పరారుణ కాంతిని చేతిమీద ప్రసరింపజేయును. రక్తములోని హీమోగ్లోబిను ఆ కాంతిని పీల్చుకొనును. చుట్టునున్న కండ దానిని చాలవరకు వెనుకకు పంపును. ఈ భేదమును కెమెరా గ్రహించి, సిరలయొక్క పటమును ఆ చర్మముమీదనే వెలుగుతో గీచి చూపును. కళ్లద్దములు అక్కరలేదు. కాని లోతైన సిరలు దీనికి కనబడవు. పిల్లలపై జరిగిన పరీక్షలను సమీక్షించినవారు, అందరిని కలిపి చూచినచో దీనివలన పెద్ద భేదము కానరాలేదనియు, సిర దొరకుట కష్టమైన పిల్లలకు మాత్రము మేలు కలదనియు తేల్చిరి. ఎవరికి అవసరమో వారికే వాడుట వివేకమని దీనివలన తెలియుచున్నది.

దూరమున నున్న నిపుణుని కన్నును రోగియొద్దకు తెచ్చుట మరియొక యుపయోగము. 2020లో కోవిడు ప్రబలినపుడు లండనులోని కొన్ని ఆసుపత్రులలో ఒక్క వైద్యుడు కళ్లద్దములతో వార్డులోనికి పోగా, తక్కినవారు వేరొక గదిలోనుండి ఆయన చూచినదానినే చూచి సలహా చెప్పిరి. గదికిని గదికిని మధ్య సాగిన ఈ పని, పట్టణమునకును పల్లెకును మధ్య కూడ సాగగలదు. అందులకు తెగిపోని ఇంటర్నెట్టును, ఇచ్చట చేయితిరిగిన వైద్యుడొకడును, అచ్చట తీరిక గల నిపుణుడొకడును ఉండవలయును. ఈ మూడును లేక కళ్లద్దములు మాత్రము కొన్నచో అవి బీరువాలోని వస్తువులగును.

ఇంతవరకు గుణములను చెప్పితిని. దోషములను చెప్పకున్న ప్రసంగము ప్రకటనవలె నుండును.

మొదటిది: చిత్రము నిన్నటిది, శరీరము నేటిది. కపాలమును తెరచినపుడు మెదడుచుట్టునున్న ద్రవము జారి, మెదడు తన చోటునుండి కొంత క్రుంగును. ఊపిరితోపాటు కాలేయము కదలును. స్కానింగునాటి చిత్రము ఈ మార్పును తనంతట తా నెరుగదు. వెన్నుపూసవంటి గట్టి యెముకవిషయమున ఈ సాధనము ముందుగా రాణించుటకు ఇదియే కారణము.

రెండవది: కంటి శ్రమ. చేతికందు దూరమున నున్న గాయమును, వేరొక దూరమున నున్నట్లు తోచు చిత్రమును కన్ను ఒకేసారి స్పష్టముగా చూడజాలదు. ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయమువారు 2020లో ప్రకటించిన పరీక్షలో, ఇట్టి కళ్లద్దములు ధరించి చుక్కలను గీతలతో కలిపినవారి పని, వట్టి కన్నులతో చేసినదానికంటె తక్కువ కచ్చితముగా నుండెను.

మూడవది అన్నిటికంటె పెద్దది. 2013లో కెనడా వైద్యులు ప్రకటించిన పరీక్షలో, జోడింపు చిత్రమును చూచుచు పనిచేసిన శస్త్రవైద్యులు గురిని మరింత కచ్చితముగా చేరిరి. కాని తమ కన్నులయెదుటనే యున్న అనుకోని విషయమును వారిలో ఎక్కువమంది గమనింపలేదు. చిత్రము లేక పనిచేసినవారు అంతకంటె మెరుగుగా గమనించిరి. చూపును ఒకచోట నిలుపుటయే ఈ సాధనముయొక్క బలము. అదియే దాని యపాయము. టీకకు మరగినవాడు మూలములోని క్రొత్త విశేషమును చూడడు.

మరియొక సంగతి. ఈ ప్రయోగములలో అనేకము మైక్రోసాఫ్టు సంస్థవారి హోలోలెన్స్ అను కళ్లద్దములతో జరిగినవి. 2016లో వెలువడిన ఆ కళ్లద్దముల తయారీని ఆ సంస్థ 2024లో మానుకొన్నది. వ్యాపారసంస్థ నిర్ణయముతో ఒక సాధనము మాయము కావచ్చును. కావున చేతిపనిని మరువక సాధనమును నేర్చిన వైద్యుడే రోగికి దిక్కు.

ఇక మనకు సంబంధించిన మాట. వైద్యవిషయమున పల్లెవారికి రెండు కీడులు కలుగుచున్నవి. క్రొత్త యంత్రమన్న భయముతో తగిన చికిత్సను మానుకొనువారు కొందరు. క్రొత్త యంత్రమన్న మోజుతో పొలము తాకట్టుపెట్టి అక్కరలేని చికిత్సకు పోవువారు మరికొందరు. రెంటికిని మందు ఒక్కటే: అడిగి తెలిసికొనుట. “అయ్యా, ఈ పరికరమువలన నా రోగమునకు విశేషముగా కలుగు మేలేమి? ఇది లేకున్న చికిత్స జరుగదా? చిత్రము ఎప్పుడు తీసినది? మీరిట్టి చికిత్సలు ఎన్ని చేసితిరి? నడుమ యంత్రము ఆగిపోయినచో పని ఎట్లు సాగింతురు?” అని వినయముగా అడుగుట రోగి హక్కు. మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపింపడు, సంతోషించును.

అట్లు అడుగగల ధైర్యము చదువువలన వచ్చును. ఆ చదువు పాఠశాలలో ముగిసినవారికి ఈ గ్రంథాలయమే ఆధారము. రాబోవు సంవత్సరములలో ఇచ్చట ఆరోగ్య గ్రంథములకు ప్రత్యేకముగా ఒక బీరువాను ఏర్పరుపవలసినదనియు, నెలకొకసారి వైద్యునో నర్సునో పిలిపించి గ్రామస్థుల ప్రశ్నలకు సమాధానములు చెప్పింపవలసినదనియు కార్యవర్గమువారిని కోరుచున్నాను. అందుకు పెద్ద ధనము అక్కరలేదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, అడుగవలెనను కోరిక యున్న చాలును.