ముందు లైబ్రేరియన్‌ని అడగండి

కాలేజీ ప్రాజెక్టు రాస్తున్నారా? అయితే ముందు లైబ్రేరియన్ గారిని అడగండి.

"చేనేత మీద పుస్తకాలు కావాలి" అంటే చాలదు. "మంగళగిరి నేతన్నల కూలి గురించి" అనండి. వెతకాల్సిన చోటు తెలుస్తుంది.

ర్యాకులో ఒక పుస్తకం దొరికిందా? దాని పక్కవాటినీ తిరగేయండి. ఒకే విషయం మీద వచ్చినవి పక్కపక్కనే సర్దుతారు. పుస్తకం చివర్లో ఉపయుక్త గ్రంథాల పట్టిక చూడండి. అక్కడినుంచి మరో పుస్తకానికి దారి దొరుకుతుంది.

పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు కావాలా? శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో మన దేశ విశ్వవిద్యాలయాలవి ఉచితంగా చదవచ్చు. కాలేజీకి ఎన్-లిస్ట్ అనే ఆన్‌లైన్ సేవలో సభ్యత్వం ఉంటే పరిశోధన పత్రికలూ అందుతాయి. ఉందో లేదో లైబ్రరీలోనే కనుక్కోండి.

మరోసారి చెబుతున్నా. ముందు అడగండి. పక్క పుస్తకాలూ చూడండి. ఇంకో మాట, చదివిన వెంటనే పుస్తకం పేరు, పేజీ నంబరు రాసుకోండి.