ఇచ్చే ముందు విందాం



గోదావరిఖనిలో వినడం గురించి చెప్పాలంటే బొగ్గుబావి నుంచే మొదలుపెట్టాలి. అండర్‌గ్రౌండ్‌లో పని మొదలయ్యే ముందు రూఫ్‌ను కర్రతో తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్ల శబ్దం వస్తే పొర వదులైనట్టు. కంటికి రెండూ ఒకేలా కనబడవచ్చు, తేడా చెప్పేది చెవి. ఆ చెవిని నమ్ముకునే మన ఇళ్ల మగవాళ్లు ఎందరో మూడు షిఫ్టుల్లో బావిలోకి దిగారు.

మనిషి మాటా అంతే. బడిలో మేము చూసే సంగతే చెబుతాం. ఫీజుకు గడువు అడగడానికి వచ్చిన తల్లి మొదటి మాట ఫీజు గురించే ఉంటుంది. 'సరేనమ్మా' అని పంపేస్తే అంతటితో సరి. కుర్చీ చూపించి కాసేపు ఆగితే, భర్త మంచం పట్టాడని, కొడుకు రాత్రిపూట హోటల్లో పనికి పోతున్నాడని అప్పుడు చెబుతుంది. ఫీజు ఒక్కటే కడితే ఆ పిల్లవాడి చదువు నిలవదు. రూఫ్ గట్టిగా ఉన్నచోట సపోర్టు పెట్టి, డొల్లగా ఉన్నచోటు వదిలేసినట్టవుతుంది.

దివ్య ఖుర్ఆన్‌లో 80వ సూరా 'అబస' మనందరికీ తెలుసు. ప్రవక్త (స) మక్కాలో ఖురైష్ పెద్దలకు ధర్మం వివరిస్తున్నారు. అంతలో అంధుడైన అబ్దుల్లాహ్ ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) ఏదో తెలుసుకోవాలని వచ్చారు. ఆ క్షణంలో ముఖం చిట్లించి పక్కకు తిరిగినందుకే ఆయతులు అవతరించాయి. వచ్చినవారికి చూపు లేదు, ఎదుటి ముఖం కనబడదు. అయినా అల్లాహ్ దాన్ని ఉపేక్షించలేదు. మన దగ్గరకు వచ్చేవారికి చూపుంది. మన ముఖం వారికి కనబడుతూనే ఉంటుంది.

అందుకే దాతలకు మా మనవి. జకాత్, సదఖా అడగవచ్చినవారిని నలుగురిలో నిలబెట్టి ప్రశ్నించవద్దు. ఫోన్ పక్కన పెడదాం. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఆడవారిని ఉర్దూలోనే చెప్పనిద్దాం. వెంట వచ్చిన బంధువు మాటతో సరిపెట్టుకోకుండా, ఆమె నోటితోనే విందాం. మధ్యలో సలహా అందుకోవద్దు. చివర 'మీరు చెప్పింది ఇదేనా?' అని ఒకసారి అడుగుదాం. ఫారం ఆ తర్వాత నింపుదాం.

దీనికి ఖర్చు లేదు, పది నిమిషాల ఓపిక చాలు. మీరిచ్చే ప్రతి రూపాయి అవసరమున్న చోటికి చేరడానికి అదే దారి. వినే మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.