భక్తియు బ్రతుకుదెరువును: నూజివీటి సీమలో మతాచరణము



ఈ మామిడితోటల నడిమి పల్లెలలో జీవితమెల్ల విద్యాబోధనమునకే వినియోగించిన ఒక ఉపాధ్యాయుని స్మృత్యర్థ మేర్పడిన యీ వేదికనుండి ప్రసంగించు భాగ్యము నా కొసగిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. కులము, వృత్తి, వయస్సు, విద్య, స్త్రీపురుషభేదము అను వానిని బట్టి ప్రజల మతాచరణ మేల మారుచున్నదన్నది నేటి విషయము. స్త్రీలకు భక్తి మెండనియు, యువకులకు కొరవడినదనియు, చదువు ముదిరినకొలది విశ్వాసము సడలుననియు మనము తేలికగా తీర్పులు చెప్పుచుందుము. అట్టి తీర్పునకు ముందుగా, ఆ మనుష్యునకు తీరిక యెంత, ఏ వాకిలి అతనికి తెరచియున్నది, అను రెండు ప్రశ్నలు వేసికొనవలెనని నా మనవి.

తీరికను మొదట విచారింతము. మన సీమలో పుష్యమాఘములలో మామిడి పూతకు వచ్చును. చైత్రము మొదలు జ్యేష్ఠమువరకు బంగినపల్లి, రసములు, కలెక్టరు కాయలు కోతకు వచ్చి నున్న మార్కెట్టునకు తరలును. ఆగిరిపల్లి శోభనాచలముననున్న వ్యాఘ్రనరసింహస్వామి యుత్సవము రథసప్తమి నాళ్లలో జరుగును. గుణదల మేరీమాత తిరునాళ్లు ఫిబ్రవరి 9 మొదలు 11 వరకు జరుగును. రెండును కోతపని యింకను మొదలుకాని దినములే యగుటచే, కూలివారును, కౌలుదారులును, తోటల యజమానులును కలసి కదలివచ్చుటకు వీలుచిక్కును. ద్వారకాతిరుమలలో స్వామికి ఏటేట వైశాఖమున నొకటి, ఆశ్వయుజమున నొకటి, రెండు కల్యాణోత్సవములు జరుగును. వైశాఖోత్సవమునాటికి తోటలలో కోత ముమ్మరముగా నుండును. అప్పుడు చిక్కము కట్టిన గెడ చేతబట్టి చెట్టుక్రింద నిలిచిన కూలివాడు కొండకు పోలేదనియు, పూతమీదనే తోటను గుత్తకిచ్చిన యజమాని సకుటుంబముగా పోయి దర్శనము చేసికొనెననియు చెప్పి, వారిలో నొకరు ఎక్కువ భక్తులని యెట్లు నిర్ణయింతుము? ఒకరికి ఆనాటి కూలి పోవును. రెండవవారికి పోవున దేమియు లేదు.

ఇక వాకిలి. ద్వారకాతిరుమల విమానగోపురప్రాకారములు మైలవరపు జమీందారు ధర్మ అప్పారావుగారి దానములు. స్వామి యాభరణములును వెండివాహనములును రాణి చిన్నమ్మారావుగారి సమర్పణములు. భూమిగల వారి భక్తి శిలారూపమున నిలిచి, పేరుతోసహా చరిత్రకెక్కినది. 1947లో మద్రాసు దేవాలయప్రవేశ చట్టము వచ్చువరకు సాధారణముగా గుడిలోనికి పోనోచని మాలమాదిగల భక్తికి అట్టి శిలాశాసనము లెక్కడివి? వారికి వేరొక వాకిలి తెరచినది క్రైస్తవము. 1841లో బందరు చేరిన మిషనరీలు హెన్రీ ఫాక్సు, రాబర్టు నోబులు దొరలలో నోబులుగారు అగ్రవర్ణముల బాలుర విద్యపై ఆశలు నిలిపిరి. కాని సమూహములుగా క్రైస్తవమును స్వీకరించినవారు పల్లెల వెలుపలి పేటలవారు. రాఘవాపురపు పగోలు వెంకయ్య 1859లో జ్ఞానస్నానము పొందుట యా యుద్యమమున ప్రసిద్ధఘట్టము. 1912లో దోర్నకలు అధ్యక్షాసన మధిష్ఠించిన వేదనాయకం సామ్యూలు అజరయ్యగారు ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పు. పేటలోని మనిషికి గ్రంథము చదువుటకును, పదిమంది నడుమ పాడుటకును, సంఘపు పెద్దయై మాటాడుటకును అవకాశ మొసగిన చోట, ఆ మనిషి నిండుమనస్సుతో పాల్గొనెను.

ఇచ్చట జనాభాలెక్కలను గూర్చి యొక హెచ్చరిక అవసరము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1971లో నూటికి నలుగురికి మించియున్న క్రైస్తవులు 2011 నాటికి ఒకటిన్నరకు లోపుగా నమోదైరి. క్రైస్తవము స్వీకరించిన దళితులకు షెడ్యూల్డుకులపు హోదా నివ్వని 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు, మతము పేరు చెప్పుటకు జంకవలసిన పరిస్థితిని కల్పించుచున్నది. కనుక పట్టికలోని యంకె నొక్కదానినే చూచి విశ్వాసమును కొలువరాదు.

నిరాకరణమునకును సామాజికస్థానము గలదు. పురాణములను ప్రశ్నించి, తెలుగు మంత్రములతో వివాహములు జరిపించిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు అంగలూరి రైతుకుటుంబమున బుట్టి బారిష్టరైనవారు. 1940లో ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించి 1947లో విజయవాడకు మార్చిన గోరాగారు బ్రాహ్మణకుటుంబమున జన్మించిన వృక్షశాస్త్రాధ్యాపకులు. నమ్మినదానికై కొలువు కోల్పోయియు వెనుదీయని ధీరులు. వారి ధైర్యమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. అయినను, ఊరినెదిరించి నిలుచుటకు చదువో భూమియో దన్నుగా నుండిన మేలు. అవి లేనివారికి ఊరి జాతరకు దూరమగుట యనగా, ఆపదలో ఆదుకొను ఇరుగుపొరుగునకే దూరమగుట.

ఆ కాలపు రైతుల యిండ్లలో మగవారు హేతువాదము చర్చించుచుండగా ఆడవారు శ్రావణశుక్రవారము వరలక్ష్మిని కొలిచిరి. ఇంటి పంచాంగము స్త్రీ చేతియందున్నది. వాయనము పేర పొరుగింటి గడప దాటుటకును, తన పూజను తానే నడపుకొనుటకును వ్రతము ఆమెకు స్వాతంత్ర్య మిచ్చినది. అట్లే నలువదియొక్క దినములు మాలధరించు అయ్యప్పదీక్ష పురుషులకు ప్రియమైనది. ఆచారము పది మొదలు ఏబదియేండ్ల వయసు స్త్రీలను శబరిమలకు దూరముంచినది. లారీ తోలువాడును, కొట్టులో పనివాడును మాల ధరించిన నాటినుండి యజమానిచేతనే ‘స్వామీ’ యని పిలువబడుదురు. ఆ గౌరవము నిత్యజీవితమున వారికి దొరకనిది.

వయస్సునకును విద్యకును వత్తము. అనేకదేశములలో పెద్దలకంటె యువతరము మతమునకు దూరముగా నున్నట్లు పరిశోధనలు చెప్పుచున్నవి. మన దేశమున 2019–20లో ప్యూ సంస్థవారు దాదాపు 30,000 మందిని ప్రశ్నింపగా, మతము తమకు మిక్కిలి ముఖ్యమని 84 శాతము చెప్పిరి. దక్షిణమున నది 69 శాతము. వయోభేదమున వచ్చిన యంతరముకంటె ప్రాంతభేదమున వచ్చిన యంతరమే పెద్దది. 2008లో నూజివీట వెలసిన ట్రిపుల్ ఐటీకి పల్లెలనుండి వచ్చిన బాలబాలికలు రేపు ఉద్యోగములకై విదేశములకు పోవుదురు; అచ్చట వారి యాచరణము పెరిగినను ఆశ్చర్యము లేదు. 1976లో పిట్సుబర్గున వేంకటేశ్వరాలయము వెలసినది వలసపోయిన విద్యావంతుల పూనికచేతనే కదా.

కాన విద్యార్థులారా, ఊరూరను తిరిగి, ఎవరు ఏ గుడికి, ఏ చర్చికి, ఏ దర్గాకు ఏ మాసమున పోవుచున్నారో, ఎవరు పోలేకున్నారో, ఏలనో వ్రాసియుంచుడు. ఆలయధర్మకర్తలారా, సంఘపెద్దలారా, కోతనెలలలో కూలివారు పనిదిగిన పిమ్మట వచ్చునట్లు రాత్రివేళ సేవలును ప్రార్థనలును ఏర్పరుపుడు. ఉత్సవనిర్వహణమున స్త్రీలకును, పేటలవారికిని నిర్ణయాధికారమిండు. తీరికయు వాకిలియు అందరికి సమముగా దొరికిననాడుగాని, ఎవరి భక్తి యెంతయో చెప్పు నర్హత మనకు రాదు.