ఏడో కోరిక



1525 ఏప్రిల్‌లో ఈ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే చేతిపనివాళ్లు తిరగబడి, 46 కోరికలు రాసి నగర పెద్దల ముందు పెట్టారు. అంతకు ముందు నెలలో మెమ్మింగెన్‌లో రైతులు 12 కోరికలు రాశారు. క్రీస్తు అందరికోసం రక్తం చిందిస్తే మేము బానిసలం ఎట్లా అవుతామని బైబిల్ పట్టుకునే అడిగారు. వాటిలో ఏడోది మన సైటు మాటే: ఒప్పుకున్నదానికి మించి పని చేయించుకోవద్దు, చేయిస్తే కూలి ఇవ్వాలి.

రైతుల్ని కత్తితో అణిచేశారు. వాళ్ల పక్షం నిలిచిన బోధకుడు థామస్ ముంట్సర్ తల నరికారు. ఇక్కడి పెద్దలూ ఒప్పుకున్న మాట తప్పారు. అయినా ఆ కోరికలు మిగిలాయి, రాసిపెట్టారు కాబట్టి.

నా గ్యాంగులో ఒక తమ్ముడికి రెండు నెలల ఓవర్‌టైమ్ డబ్బు పోయింది. అంతా నోటిమాటే. సూపర్‌వైజర్‌ని, నేనూ రాయలేదు. తప్పు నాదే. ఇప్పుడు రోజూ రాస్తున్నా. మీరూ మీ గంటలు రాసుకోండి.