సెలవు లేని కొలువు

1971 యుద్ధకాలమున మా తండ్రిగారు సరిహద్దున నుండగా, మా అమ్మగారు హనుమకొండలోని మా యింటి వాకిట తపాలా బంట్రోతు రాకకై నిలిచెడివారు. నేడు ఆ వాకిట నిలుచుచున్నది తండ్రిగారే. మా చెల్లెలు ఒక ఆధ్యాత్మిక సంఘమున జేరి పదునొకండేండ్లయినది.

మొదట వారమునకొక సత్సంగము. పిదప జీతమంతయు సంఘమునకే. ఆపై పండుగలకు వచ్చుట మానినది. ఇప్పుడు ఫోనులో మాటాడునప్పుడు ప్రక్కన మరియొకరుందురు, మమ్ము మాయాబంధమనును.

భక్తిని మేము నిందింపము. అయితే భక్తికిని కట్టడికిని భేదమెచ్చట? తండ్రిగారు ఒకనాడిట్లనిరి: "నేనును ఆజ్ఞకు బద్ధుడనే. కాని సైన్యమున సెలవుండెను, ఇంటికి ఉత్తరముండెను, కొలువు ముగియు దినముండెను. అమ్మాయి కొలువున ఈ మూడును లేవు." ఇంతకన్న మంచి గీటురాయి మాకు దొరకలేదు.

ఇది మా యింటి వ్యథ మాత్రమే కాదు. ఢిల్లీలోని రోహిణి ప్రాంతమున ఆధ్యాత్మిక విశ్వవిద్యాలయమను ఆశ్రమము నుండి, 2017 డిసెంబరులో హైకోర్టు ఆజ్ఞపై, 40 మందికి పైగా బాలికలను వెలికి దెచ్చిరి. అమెరికాలో చదివిన తమ కుమార్తె ఆ యాశ్రమమున నున్నదని వృద్ధులగు తెలుగు దంపతులును ఆ కోర్టునే ఆశ్రయించిరి. అచటి స్త్రీల క్షేమము విచారించుటకు 2022 ఏప్రిలులో కోర్టు కిరణ్ బేడీ పర్యవేక్షణలో ఒక సమితిని నియమించినది. కాని వయసు వచ్చిన స్త్రీ తన యిచ్ఛతోనే యున్నానన్నచో ఆమెను బలిమిని ఇంటికి పంపుట చట్టమునకు తగదు. రాజ్యాంగపు 21వ, 25వ అధికరణములు ఇచ్చిన స్వేచ్ఛ ఆమెకును గలదు. హెబియస్ కార్పస్ తలుపు తెరపింపగలదు, మనసును మరలింపజాలదు.

మరణించినవారికి కర్మకాండ కలదు, బంధువుల పరామర్శ కలదు. బ్రదికియుండి దూరమైనవారికై ఏడ్చుటకు తిథి లేదు. వియత్నాం యుద్ధమున జాడ తెలియకపోయిన సైనికుల కుటుంబములను పరిశీలించిన అమెరికా విదుషి పాలీన్ బాస్, 1970ల దశకమున ఇట్టి దుఃఖమునకు "అస్పష్ట నష్టము" అను అర్థము వచ్చు పేరు పెట్టినది. ఆ సంగతి విన్ననాడు అమ్మగారు, "అయితే ఇది నా పిచ్చి కాదన్నమాట" యని తేరుకొనిరి.

తొలుత మేము వాదించితిమి, గురువును తిట్టితిమి. బయటివారు శత్రువులను బోధకు మా తిట్లే సాక్ష్యములైనవి. ఇప్పుడు ఆరోగ్యమడుగుదుము, ఇంటి కబుర్లు చెప్పుదుము. డబ్బు మాత్రము పంపము. ఆమె చదువు పత్రములు భద్రపరచితిమి. మరలివచ్చిననాడు "ముందే చెప్పితిమి గదా" యను మాట యెవ్వరమును ఆడరాదని నిశ్చయించుకొంటిమి.

సద్దుల బతుకమ్మకు తంగేడు పూలు తెచ్చుట చెల్లెలి వంతు. ఇప్పుడా పని తండ్రిగారు చేయుచున్నారు. ఇట్టి యిల్లు మీ వీధిలో నున్నచో, చాటున గుసగుసలాడక, ఒకసారి పోయి పలుకరింపుడు. ఆ యింటికి అదియే పరామర్శ.