సూర్యుని నమ్ముకొనుటకు ముందు

తనకల్లు, కదిరి ప్రాంతములందు వానకు కరవే కాని ఎండకు కరవు లేదు. ఆ ఎండనే పంటగా చేసికొని నంబులపూలకుంటలో గొప్ప సౌరవిద్యుత్క్షేత్రము వెలసినది. అందు తొలి 250 మెగావాట్లు 2016లో ఉత్పత్తికి వచ్చినవి. దానిని చూచివచ్చిన గృహస్థులు, "ఇంత ఎండ కాయుచుండగా మా మిద్దెపై నాలుగు ఫలకములు పెట్టిన చాలదా?" అని మమ్ము అడుగుచుందురు. చాలును, కాని వెలుగు వేరు, వేడి వేరు. ఫలకమునకు కావలసినది వెలుగు. వేడి దానికి శత్రువు.

ఫలకముపై అచ్చువేసిన వాట్లు 25 డిగ్రీల వేడిమి వద్ద కొలిచినవి. మన వేసవి మధ్యాహ్నమున ఫలకము 65 డిగ్రీల వరకు కాగును. డిగ్రీకి నూటికి సుమారు 0.4 వంతున తగ్గగా, నూరు వాట్లకు 84 మిగులును. కావున ఫలకములను మిద్దెకు అంటించి వేయరాదు. అడుగున గాలి ఆడుటకు జానెడైన ఎడముండవలెను. దక్షిణముఖముగా 14 డిగ్రీల వాలు ఈ ప్రాంతమునకు తగినది.

ఇక దుమ్ము. నెలల తరబడి వాన రాని చోట దానిని కడుగువారు మనమే. తెల్లవారుజామున, అద్దము చల్లగానున్నప్పుడు, మెత్తని గుడ్డతో తుడువవలెను. బోరునీరు ఉప్పునీరైనచో తెల్లని చారలు కట్టును, వెంటనే ఆరదుడువవలెను. చేయి అందని చోట పెట్టిన ఫలకమును రెండవ నెలకే మరచెదరు. ఇది మేము పలు మిద్దెలపై చూచినదే.

రోజునకు 2 యూనిట్లు వాడు ఇంటిని తలంతము. అమ్మువారి లెక్క ఏప్రిలు ఎండకు సరిపోవును. ఇల్లు గడువవలసినది ఆషాఢపు మబ్బులో. అప్పుచేసి కొన్నవారు మోసపోవునది ఇచ్చటనే. పూర్తి ఎండను 4 గంటలుగానే ఎంచి, నష్టములకు నూటికి 30 విడిచినచో, 700 వాట్ల ఫలకములు కావలెను. రెండు దినముల నిలువకు 4 యూనిట్లు. సీసపు బ్యాటరీని సగమునకు మించి దింపరాదు గనుక 8 యూనిట్ల బ్యాటరీ కొనవలెను.

25 డిగ్రీలకు మించిన ప్రతి పది డిగ్రీలకును ఆ బ్యాటరీ ఆయువు ఇంచుమించు సగమగును. రేకుల క్రింద పెట్టకుడు. గాలివచ్చు చల్లని గదిలో, దేవుని దీపమునకు దూరముగా నుంచుడు. దానినుండి వెలువడు వాయువు మండు గుణము కలది.

భూమితీగ సంగతి చాలమంది అడుగనే అడుగరు. ఎండిన నేల విద్యుత్తును సరిగా గ్రహింపదు. ఆ గుంటలో బొగ్గు, ఉప్పు వేయించి, వేసవియందు వారమున కొకమారు రెండు బిందెల నీరు పోయించుడు.