కత్తెర లేని కూర్పు



నేడు నేను ముచ్చటింపనున్న పని కంటికి సంబంధించినది. దానిని చెవిద్వారమున మీకు విన్నవింపవలసి వచ్చినది. వీడియో కూర్పు అనగా, తీసిన దృశ్యములను ఏరి, కోసి, ఒకదాని వెంట నొకటి చేర్చి కథగా నిలుపుట. పదునెనిమిదేండ్లుగా ఇదియే నా జీవనము. ఈ పనిని త్వరగా చేయుట యెట్లని క్రొత్తవారు నన్నడుగుచుందురు. వారు కోరునది మీటల నేర్పు. నేను మొదట చెప్పునది పేర్లు పెట్టుట, సర్దుకొనుట. ఇది వారికి రుచింపదు. నాకును ఒకప్పుడు రుచింపలేదు.

2019వ సంవత్సరపు వేసవిలో ధర్మవరము ప్రాంతమున నొక పల్లెకు తోలుబొమ్మలాటను చిత్రించుటకై పోయితిని. మేకతోలును పలుచగా గీచి రంగులద్దిన బొమ్మలు, ముందు తెల్లని తెర, వెనుక దీపము. బృందమునకు పెద్ద డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు. రామకథ నడచుచుండగా నడుమ నడుమ కేతిగాడును బంగారక్కయు ప్రవేశించి జనులను నవ్వించుట మీలో పెక్కురెఱిగినదే. ఆ హాస్యము ఏ గ్రంథమునందును లేదు. ఎదుట కూర్చున్న యూరివారిని జూచి ఆయన అప్పటికప్పుడు కల్పించునది. అర్ధరాత్రము వఱకు ఒక మెమరీకార్డు నిండినది. అటుపైని రెండవ దానిని తొడిగితిని.

తెల్లవాఱిన పిదప బసకు వచ్చి, నిద్రకండ్లతో, మొదటి కార్డులోని 43 ఖండములను “బొమ్మలాట” యను ఫోల్డరులోనికి దించితిని. రెండవ దానిలో 31 ఖండములు. వానిని గూడ అందులోనికే దించబోగా కంప్యూటరు నన్నొక మాట యడిగినది: “ఇవే పేర్లుగల ఫైళ్లు ఇచట నున్నవి, వాని స్థానమున వీనిని నిలుపవలెనా?” నిలుపుమంటిని. నా కెమేరా ప్రతి క్రొత్త కార్డునకును లెక్కను మరల ఒకటినుండి మొదలిడునని నాకు తెలియును; తెలిసియు తలపునకు రాలేదు. ఆ సాయంకాలమే రెండు కార్డులను తుడిచి మఱియొక యూరి చిత్రణమునకు వాడితిని. నెల గడచిన పిమ్మట కూర్పునకు కూర్చుండి చూడగా, మొదటి కార్డులో 32 మొదలు 43 వఱకు గల పండ్రెండు ఖండములే మిగిలియున్నవి. మరల తీయుదమని కబురంపితిని. అప్పటికి ఆయన లేడు.

పూర్వము ఫిలిము కోసెడి కాలమున ఇట్టి నష్టమునకు తావు తక్కువ. 35 మిల్లీమీటర్ల ఫిలిము నిమిషమునకు 90 అడుగులు నడచెడిది. దాని యంచున అడుగడుగునకు సంఖ్య యుండెడిది. కోసిన తునకలను గుడ్డ తొడిగిన తొట్టిపై కొక్కెములకు వ్రేలాడదీసెడివారు. తునక తప్పిపోయినచో తొట్టి యడుగున వెదకెడివారు. మాకిప్పుడు తొట్టి లేదు. ఫైలునకు పేరు పోయినచో వస్తువు పోయినట్లే. 1996లో విడుదలయైన “ది ఇంగ్లిష్ పేషెంట్” చిత్రము కంప్యూటరుపై కూర్పబడి, కూర్పునకు ఆస్కారు బహుమానము పొందిన వానిలో మొదటిది. దానిని కూర్చిన వాల్టర్ మర్చ్ గారు ప్రతి దృశ్యమునుండి ఒక్కొక్క నిశ్చలచిత్రము తీసి గోడపలకకు గ్రుచ్చుకొనువారు. అంత యంత్రము చేతనుండియు ఆయన కాగితమును విడువలేదు; అది నాకెంతయు నచ్చినది.

ఇప్పుడు నేను చిత్రణమునకు బయలుదేరకముందే ఫోల్డరులను కట్టుదును: తేది, దానిలో కెమేరా, దానిలో కార్డు సంఖ్య. రెండు కార్డులు ఒక ఫోల్డరులో ఎన్నడును కలియవు. ప్రతిని రెండు వేర్వేరు డిస్కులపై నుంచి, మూడవ దానిని వేఱొక యింట నుంచెదను. ఆ ప్రతులను తెఱచి, ఖండముల సంఖ్యను సరిచూచిన గాని కార్డును తుడువను. పని ప్రతులకు తేదియు వరుస సంఖ్యయు నిచ్చెదనే గాని “ఫైనలు” అని పేరు పెట్టను. “ఫైనలు”, “క్రొత్త ఫైనలు”, “అసలు ఫైనలు” అను మూటిలో ఏది కడపటిదో కనుగొనలేక ఒక పూటంతయు గోలపెట్టిన మిత్రుని నేనెఱుగుదును.

ఇక వేగము. 4కె చిత్రమున ఒక్కొక్క ఫ్రేమునకు 3840 అడ్డము, 2160 నిలువు, అనగా సుమారు 83 లక్షల బిందువులు. సామాన్యమైన కంప్యూటరు వీనిని మోయలేక తడబడును. కావున చిన్నవియగు ప్రాక్సీ ప్రతులను చేసికొని వానితో కూర్చి, తుదిని అసలు ఫైళ్లకు జతపఱచవలెను. ఆ జతపఱచుట పేర్లనుబట్టియే జరుగును గనుక నడుమ పేరు మార్చినవాడు చిక్కున పడును. చేతికి మౌసు కంటె మీటలు మేలు: ఎల్ ముందునకు, జె వెనుకకు, కె నిలుపుటకు, ఐ ఆరంభమునకు, ఓ ముగింపునకు. ఈ యైదును వ్రేళ్లకు పట్టుబడిన, చూచుటయు కోయుటయు ఒకే చలనమున జరిగిపోవును. అయినను, మొదటి మాఱు చూచునపుడు నేను తొందరపడను. తీసినదెల్ల ఒకసారి పూర్తిగా చూచి, కాగితముపై గుర్తులు వ్రాసికొందును. రెండు దినములు వ్యర్థమైనట్లు తోచును గాని తరువాత వారము దినముల వెదకులాట తప్పును.

మీకు వేడుక గొలుపు మాటయొకటి. సంభాషణలు గల చిత్రమునకు మేము తొలుత ధ్వనిని మాత్రమే కూర్చుకొందుము. బొమ్మను తలపక, మాటలు వినుటకు తిన్నగా నున్నవా యని చూతుము. దీనికి మాలో “రేడియో ఎడిట్” అని పేరు. చెవికి నిలిచిన కథకు దృశ్యములను పిదప తొడుగుట సులువు.

తోలుబొమ్మలాట చిత్రమును నేను ముగించితిని. అందులో లంకాదహనము నిండుగా నున్నది; హాస్యము లేదు. క్రిందటి యేడు ఆ వృద్ధుని మనుమడు వచ్చి, తాతగారి కేతిగాడు కావలెనని యడిగెను. జరిగినది చెప్పి, 37వ ఖండమును అతని ఫోనులో వేసితిని. నాలుగు నిమిషములు. కేతిగాడు ఎవరినో అప్పడిగి, లేదనిపించుకొని, తెర వెనుకకు పోవును. అతడు దానిని నా గదిలోనే రెండు మాఱులు చూచి, తక్కినవి ఎన్ని యుండెనని యడిగెను. ముప్పదియొకటి యని చెప్పితిని.